ట్రక్కు పేరుతో తిరిగిన కారు

మన పూర్వ విద్యార్థుల సంఘం ఏర్పడిన 1975లోనే, డిసెంబరు 22న, అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఒక చట్టంపై సంతకం చేశారు. దాని పేరు ఇంధన విధానం, పొదుపు చట్టం. కంపెనీలు అమ్మే కొత్త బళ్లకు సగటున ఇంత మైలేజీ ఉండి తీరాలని ఆ దేశం తొలిసారి నిర్దేశించింది ఈ చట్టంతోనే. మన సంఘంతో పాటు దానికీ యాభై ఏళ్లు.

మన బడిలో చదివినవారి పిల్లలు, మనవలు ఎందరో నేడు అమెరికాలో స్థిరపడ్డారు. వారిని చూడటానికి వెళ్లివచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఒక్క మనిషి ఆఫీసుకు పోవడానికి అంత పెద్ద బండి ఎందుకు? వాతావరణానికి చేటని తెలిసి కూడా కంపెనీలు వాటిని ఎందుకు అమ్ముతున్నాయి? అమ్మడం మానెయ్యాలా? ఈ ప్రశ్నకు నీతిశాస్త్రంలో కంటే చరిత్రలోనే సూటి జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

ముందుగా ఒక మాట. అమెరికాలో ‘తేలికపాటి ట్రక్కు’ అంటే మన లారీ కాదు. వెనుక తొట్టి ఉన్న పికప్, కుటుంబాలు వాడే మినీవ్యాన్, చాలా ఎస్‌యూవీలు చట్టం దృష్టిలో ఆ కోవలోవే. అసలు కథంతా ఆ పేరులోనే ఉంది.

కోడిమాంసం తెచ్చిన సుంకం

కథ 1975 కంటే ముందే మొదలైంది. 1962లో ఐరోపా ఉమ్మడి మార్కెట్ దేశాలు అమెరికా నుంచి వచ్చే కోడిమాంసంపై సుంకం పెంచాయి. దానికి ప్రతీకారంగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, తేలికపాటి ట్రక్కుల దిగుమతిపై సుంకం పెంచారు, ట్రక్కులపై అది 25 శాతం. జర్మనీ నుంచి వచ్చే ఫోక్స్‌వాగన్ వ్యాన్లకు తగిలిన దెబ్బ ఇది. కోడిమాంసం తగవును లోకం ఎప్పుడో మరచిపోయింది. ట్రక్కులపై సుంకం మాత్రం అలాగే ఉండిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో దిగుమతి కార్లపై సుంకం 2.5 శాతానికి దిగినా ట్రక్కులపై 25 శాతం తగ్గలేదు. కార్ల రంగంలో జపాన్ పోటీకి తట్టుకోలేక సతమతమైన డెట్రాయిట్ కంపెనీలకు ట్రక్కుల మార్కెట్ కంచె వేసిన చేను అయింది.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లో పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్లకు చేరువైంది. పెట్రోలు బంకుల ముందు మైళ్ల కొద్దీ వరుసలు కట్టిన ఆ అనుభవం నుంచే 1975 చట్టం పుట్టింది. 1985 నాటికి కొత్త కార్ల సగటు మైలేజీ గ్యాలనుకు 27.5 మైళ్లు ఉండాలని అది నిర్దేశించింది. మన లెక్కలో లీటరుకు 11.7 కిలోమీటర్లు. ట్రక్కుల పరిమితిని మాత్రం రవాణా శాఖ విడిగా నిర్ణయించాలని వదిలేసింది.

అప్పటి దృష్టితో చూస్తే అందులో తప్పేమీ కనిపించదు. ట్రక్కు అంటే రైతు, వడ్రంగి, తాపీమేస్త్రి వాడే పనిముట్టు. 1975లో అమ్ముడైన కొత్త బళ్లలో ట్రక్కులు ఐదింట ఒక వంతే. మన రైతుకు ట్రాక్టరు ఎలాగో అక్కడి రైతుకు పికప్ అలాగే. పనిచేసుకునేవాడి మీద భారం వేయకూడదన్నది మంచి ఉద్దేశమే.

గీత దాటిన బళ్లు

అయితే చట్టం ఒకచోట గీత గీస్తే, ఇంజనీరు ఆ గీత పక్కనే బండిని నిలబెడతాడు. కింద ఎత్తుగా ఉండి గతుకుల దారిలో పోగలిగినా, వెనుక సీట్లు తీసేస్తే సామాను పెట్టేందుకు చదునైన నేల ఏర్పడినా, ఆ బండిని ట్రక్కుగా చూపించుకునే వీలుండేది. 1984 మోడల్‌గా వచ్చిన జీప్ చెరొకీ, అదే ఏడాది మోడల్‌గా వచ్చిన క్రైస్లర్ మినీవ్యాన్, 1990లో వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అన్నీ ట్రక్కులే. చిన్న కారులాంటి క్రైస్లర్ పీటీ క్రూజర్ కూడా సీట్ల పుణ్యమా అని ట్రక్కు అయింది. 2004లో సుబారు కంపెనీ తన అవుట్‌బ్యాక్ కారును కాస్త ఎత్తు పెంచి ట్రక్కుల జాబితాలో చేర్పించుకుంది.

పన్నులూ అదే దారి పట్టాయి. ఎక్కువ పెట్రోలు తాగే బళ్లపై 1978లో తెచ్చిన ప్రత్యేక పన్ను కార్లకే వర్తించింది, ట్రక్కులకు కాదు. సరుకుతో కలిపి 6,000 పౌండ్లు, అంటే సుమారు 2,700 కిలోలు దాటిన బండిని వ్యాపారం కోసం కొంటే, 2003లో మారిన చట్టం ప్రకారం ఒక్క ఏడాదిలోనే లక్ష డాలర్ల దాకా ఖర్చు కింద చూపుకొనే వీలు కలిగింది. రైతుల కోసం ఉద్దేశించిన రాయితీని డాక్టర్లు, రియల్ ఎస్టేట్ ఏజెంట్లు వాడుకున్నారు. మరుసటి ఏడాది ఎస్‌యూవీల విషయంలో ఆ మొత్తాన్ని 25,000 డాలర్లకు కుదించాల్సి వచ్చింది.

పరిమితి పెంచుదామంటే అదీ సాగలేదు. 1990ల మధ్య నుంచి 2001 వరకు మైలేజీ నిబంధనలు మార్చడానికి రవాణా శాఖ ఒక్క డాలరు కూడా ఖర్చు చేయరాదని అమెరికా కాంగ్రెస్ ఏటా బడ్జెట్ బిల్లులో షరతు పెట్టింది. దాని వెనుక కార్ల కంపెనీల ఒత్తిడి ఉన్న సంగతి బహిరంగ రహస్యం. 1996 నుంచి 2004 వరకు ట్రక్కుల పరిమితి గ్యాలనుకు 20.7 మైళ్ల దగ్గరే ఆగిపోయింది.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కల ప్రకారం కొత్త బళ్ల సగటు మైలేజీ 1975లో లీటరుకు 5.6 కిలోమీటర్లు. 1987లో 9.4కు పెరిగింది. 2004 నాటికి 8.2కు దిగజారింది. ఆ పదిహేడేళ్లలో ఇంజను సాంకేతికత వెనక్కి పోలేదు, ఎంతో ముందుకు పోయింది. ఆ లాభమంతా బరువు, వేగం పెంచడానికే సరిపోయింది. కార్ల స్థానంలో ట్రక్కులు వచ్చాయి.

ఒక కంపెనీ నిజం ఒప్పుకున్న రోజు

‘అమ్మాలా, మానాలా’ అన్న ప్రశ్నను ఒక కంపెనీ తనకు తానే వేసుకున్న సందర్భం చరిత్రలో ఉంది. హెన్రీ ఫోర్డ్ మునిమనవడు విలియం క్లే ఫోర్డ్ జూనియర్ 1999 జనవరిలో ఫోర్డ్ కంపెనీ ఛైర్మన్ అయ్యారు. పర్యావరణవాదిగా ఆయనకు పేరుంది. అదే ఏడాది ఆ కంపెనీ ఎక్స్‌కర్షన్ అనే ఎస్‌యూవీని విడుదల చేసింది. పొడవు దాదాపు 19 అడుగులు. సరుకుతో కలిపి 8,500 పౌండ్లు దాటే బండి కాబట్టి దానికి ట్రక్కుల మైలేజీ పరిమితి కూడా వర్తించదు. 1989లో అలాస్కా తీరంలో చమురు ఒలకబోసిన ఎక్సాన్ వాల్డెజ్ నౌకను గుర్తుచేస్తూ సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ దానికి ‘ఫోర్డ్ వాల్డెజ్’ అని పేరు పెట్టింది.

2000 మే నెలలో వాటాదారుల సమావేశం సందర్భంగా కంపెనీ ఒక నివేదిక వెలువరించింది. ఎస్‌యూవీలు కార్ల కంటే ఎక్కువ ఇంధనం తాగుతాయని, గాలిని ఎక్కువ పాడుచేస్తాయని, ఢీకొన్నప్పుడు ఎదుటి బండిలోని వారికి ఎక్కువ ప్రమాదమని అందులో ఒప్పుకుంది. అయినా కొనేవారు కోరుతున్నారు, కంపెనీకి లాభం వస్తోంది, కనుక అమ్మడం కొనసాగిస్తామని చెప్పింది. సొంత సరుకు గురించి ఒక పెద్ద కంపెనీ ఇలా మాట్లాడటం అరుదు. పరిశ్రమలో చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

అదే ఏడాది జూలైలో ఫోర్డ్ ఇంకో అడుగు వేసింది. 2005 నాటికి తన ఎస్‌యూవీల మైలేజీని 25 శాతం పెంచుతామని వాగ్దానం చేసింది. ఇది ఎంత విలువైన మాటో లెక్క వేస్తే తెలుస్తుంది. లీటరుకు 6 కిలోమీటర్లు ఇచ్చే బండి ఏటా 20,000 కిలోమీటర్లు తిరిగితే 3,333 లీటర్లు తాగుతుంది. మైలేజీ 25 శాతం పెరిగితే 667 లీటర్లు మిగులుతాయి. లీటరుకు 15 ఇచ్చే చిన్న కారును అంతే శాతం మెరుగుపరిస్తే మిగిలేది 267 లీటర్లే. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఎక్కువ తాగే బండిని బాగుచేస్తేనే ఎక్కువ మేలు.

కానీ ఆ వాగ్దానం నిలవలేదు. ఎక్స్‌ప్లోరర్ బళ్లకు అమర్చిన ఫైర్‌స్టోన్ టైర్ల వివాదం, నష్టాలు, ఆంతరంగిక మార్పులు కంపెనీని చుట్టుముట్టాయి. 2003లో ఆ లక్ష్యాన్ని అనుకున్న గడువులో అందుకోలేమని ఫోర్డ్ చెప్పేసింది. 2004లో ఎస్కేప్ హైబ్రిడ్ అనే చిన్న ఎస్‌యూవీని తెచ్చిన మాట నిజమే. మిగతాదంతా పాత దారే. ఒక మంచి మనిషి ఛైర్మన్ కుర్చీలో ఉండి, తప్పును కాగితం మీద ఒప్పుకుని, గడువు పెట్టుకుని కూడా మార్పు తేలేకపోయాడు. నియమం మారకుండా మనసు మారితే చాలదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

లాభం వెనుక ఖరీదు

ఈ వ్యాపారం కంపెనీలకైనా శాశ్వత రక్ష కాలేదు. 2008 జూలైలో చమురు పీపా ధర 147 డాలర్లను తాకింది. పెట్రోలు గ్యాలను 4 డాలర్లు దాటింది. పెద్ద బళ్లు షోరూముల్లోనే నిలిచిపోయాయి. వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. 2009లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ దివాలా తీసి ప్రభుత్వ సొమ్ముతో బతికి బట్టకట్టాయి. 2006లోనే ఆస్తులతో పాటు తన నీలిరంగు లోగోను కూడా తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్న ఫోర్డ్ ఆ దివాలా నుంచి తప్పించుకుంది. లాభాలు వచ్చినన్నాళ్లూ వాటాదారులవి. మునిగినప్పుడు భారం పన్ను కట్టేవారిది.

తర్వాతైనా గీత చెరిగిందా? లేదు, రూపం మార్చుకుంది. కొత్త నిబంధనల్లో చక్రాల మధ్య వైశాల్యాన్ని బట్టి లక్ష్యం పెట్టారు. బండి పెద్దదైతే లక్ష్యం తేలిక. 2012లో బిగించిన నిబంధనలను 2020లో సడలించారు, 2022లో మళ్లీ బిగించారు. 2025 జూలైలో వచ్చిన చట్టంతో వాటిని ఉల్లంఘించినందుకు వేసే జరిమానానే సున్నా చేశారు. 2018లో ఫోర్డ్ అమెరికాలో సెడాన్ కార్ల అమ్మకాన్ని దాదాపు ఆపేస్తున్నట్లు ప్రకటించింది. ఇప్పుడు అక్కడ అమ్ముడయ్యే పది కొత్త బళ్లలో ఆరుకు పైగా ట్రక్కులే. ‘కొనేవారు కోరుతున్నారు’ అన్న మాట నిజమే గానీ సగం నిజం. ఆ కోరిక సుంకాలు, రాయితీలు, ప్రకటనల నీడలో పెరిగింది.

మన దేశపు గీత

గీతకు ఎంత బలం ఉందో మన దేశమే ఇంకో విధంగా చూపింది. 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజను ఉన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. 2008లో టాటా ఇండిగోను కుదించి 4 మీటర్లలోపు తెచ్చింది. 2012లో మారుతి డిజైర్ వెనుక భాగం కురచ అయి 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. అక్కడ చట్టం బండిని పెంచింది, ఇక్కడ కుదించింది.

అయితే మనమూ ధీమాగా ఉండలేం. మన ఉద్గారాల పరిమితి బండి బరువును బట్టి ఉంటుంది. బరువు పెరిగితే పరిమితి సడలుతుంది. మన కొత్త బళ్లలో కూడా సగానికి పైగా ఇప్పుడు ఎస్‌యూవీల వంటివే. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం నుంచి 2019లో మొదట వచ్చింది సెల్టోస్ అనే ఎస్‌యూవీయే. వేల కుటుంబాలకు దానివల్ల అన్నం దొరుకుతోంది. కనుక ‘ఆపెయ్యండి’ అని తేలిగ్గా అనలేం. కానీ అమెరికా యాభై ఏళ్ల పాఠాన్ని చదవకుండా ఉండనూలేం.

మరి జవాబేమిటి?

పనికోసం పెద్ద బండి కావలసినవారు ఉన్నంతకాలం కంపెనీలు దాన్ని తయారుచేయాలి, అమ్మాలి. ఒక్క కంపెనీ స్వచ్ఛందంగా మానేస్తే ఆ చోటును పక్క కంపెనీ ఆక్రమిస్తుంది. ఫోర్డ్, జనరల్ మోటార్స్‌ల లాభం చూసి టయోటా, నిస్సాన్ కూడా పెద్ద ట్రక్కులు తెచ్చాయి కదా. కాబట్టి అమ్మకం ఒక్కటే నేరం అనలేం. కానీ రైతు పేరు చెప్పి తెచ్చుకున్న మినహాయింపును ఆఫీసుకు పోయే బండికి వాడుకోవడం, ఆ మినహాయింపును సరిచేయబోతే డబ్బు పెట్టి అడ్డుకోవడం తప్పు. హాని చేస్తున్నామని ఒప్పుకున్న కంపెనీకి కనీస బాధ్యత ఒకటుంది. అందరికీ ఒకే నియమం పెట్టమని అదే ముందుగా అడగాలి. అప్పుడు దాని మంచితనం దానికే నష్టం కాదు.

ప్రభుత్వం చేయవలసింది ఇంకా సులువు. బండి పేరు ఏదైనా, బరువు ఎంతైనా, తాగిన ఇంధనాన్ని బట్టి భారం వేయాలి. నిజంగా పొలానికి, పనికి వాడేవారికి విడిగా, నేరుగా సాయం చేయాలి. 1975లో ఆ రెండింటినీ కలిపి ఒకే గీత గీశారు. యాభై ఏళ్లుగా ఆ గీత మీదుగానే బళ్లు పోతున్నాయి. మన దేశంలో తర్వాతి నిబంధనలు రాసేవారిలో, కర్మాగారాల్లో బళ్లు గీసేవారిలో మన బడి పిల్లలు కూడా ఉండవచ్చు. గీత ఎక్కడ గీయాలో వారు ఆలోచించి గీస్తే చాలు.