గోదావరి ఒంపు, గణన జాలం: పర్ణశాల పరిసరాల వరద చరిత్రపై ఒక పరిశీలన

పర్ణశాల సమీపంలోని దుమ్ముగూడెం ఆనకట్ట 19వ శతాబ్దపు ఎగువ గోదావరి నౌకాయాన పథకానికి మిగిలిన సాక్ష్యం. ఆ పథకం 1871లో ఆగిపోయింది. అదే సంవత్సరం ఫ్రాన్సులో సెయింట్ వెనాంట్ ప్రకటించిన సమీకరణాలు నేటి వరద గణనకు పునాదిగా నిలిచాయి.

ఆ సమీకరణాలను కంప్యూటరుపై సాధించాలంటే నదిని గడులుగా విభజించాలి. చదరపు గడులు పరిస్తే ఒంపు తిరిగిన ఒడ్డు మెట్లుమెట్లుగా మారి, ప్రవాహ దిశ, వేగం తప్పుగా తేలతాయి. ఈ చిక్కుకు 1974లో థాంప్సన్, థేమ్స్, మాస్టిన్ ఒక పరిష్కారం చూపారు: హద్దు ఆకృతిని అనుసరించి వంగే జాలాన్ని గణితం ద్వారానే నిర్మించడం. వస్తువుల చుట్టూ ప్రవాహాన్ని లెక్కించేందుకు రూపొందిన ఈ ఆలోచన అనంతరం నదులకూ విస్తరించింది.

భద్రాచలం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 1986లో గోదావరి 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు చేరింది. పోలవరం వెనుక జలాలు ఎంతవరకు ఎగదన్నుతాయన్న వివాదంలోనూ గణనలే ఆధారం. ఒక్కో గడికి సాధారణంగా ఒకే నేలమట్టం ఉంటుంది. వాగు, గట్టు, ఇంటి అరుగు ఒకే గడిలో పడితే వాటి ఎత్తులు సగటులో కలిసిపోతాయి. వాలు తక్కువైన నేలపై అడుగు తేడా కూడా ముంపు రేఖను చాలా దూరం జరుపుతుంది.

కనుక ముంపు పటాన్ని చదివే చరిత్రకారుడు దాని వెనుకనున్న జాలాన్నీ ఆధారపత్రంగా పరిశీలించాలి. నిర్వాసితుల జాబితాలో ఎవరి పేరు చేరుతుందన్నది కొంతవరకు ఆ గడుల పరిమాణంపైనే ఆధారపడుతుంది.