రంగుపై అధికారం: ఎక్స్‌స్క్రీన్‌సేవర్ సోర్స్‌కోడ్ చరిత్రలో పాఠాంతరాలు

కంప్యూటర్ చరిత్రను రాసినవారు స్క్రీన్‌సేవర్‌ను వినోదవస్తువుల జాబితాలో చేర్చి ముందుకు సాగిపోవడం పరిపాటి. పాఠపరిష్కరణతో పరిచయం ఉన్న పరిశోధకులకు మాత్రం దాని సోర్స్‌కోడ్‌లో ఆలోచించదగిన విషయం ఒకటి కనిపిస్తుంది. లినక్స్ వాడుకరి తన స్క్రీన్‌సేవర్ రంగును మార్చాలనుకుంటే, కొన్ని కాలాల్లో సొంత ఫైలులో ఒక పంక్తి రాస్తే సరిపోయింది. మరికొన్ని కాలాల్లో రచయిత రాసిన ప్రోగ్రామునే తెరిచి దిద్దవలసి వచ్చింది. ఈ తేడా ఎందుకు ఏర్పడిందన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు. ఒక రచనలో ఏ అంశం పాఠకుని వశంలో ఉండాలి, ఏది కర్త వశంలో ఉండాలి అన్న పాత ప్రశ్నకు అది కొత్త రూపం.

స్క్రీన్‌సేవర్ పుట్టినప్పుడు రంగు ప్రసక్తే లేదు. పాత గాజుగొట్టం తెరల్లో ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచి ఉంటే లోపలి ఫాస్ఫర్ పూత అక్కడ అరిగిపోయి, తెర ఆపిన తరువాత కూడా దాని నీడ మిగిలేది. 1983 డిసెంబరులో జాన్ సోచా సాఫ్ట్‌టాక్ పత్రికలో ప్రచురించిన చిన్న ప్రోగ్రాము, మూడు నిమిషాల పాటు ఎవరూ మీట నొక్కకపోతే తెరను నల్లగా చేసేది. అంతే. 1989లో వచ్చిన ఆఫ్టర్ డార్క్‌తో నల్లదనం స్థానంలో కదిలే బొమ్మలు చేరాయి. రక్షణగా మొదలైనది అలంకారమైంది. అయితే అది సోర్స్‌కోడ్ ఇవ్వని వాణిజ్యవస్తువు కనుక, తయారీదారు ఇచ్చిన మీటలకు మించి కొనుగోలుదారు చేయగలిగింది లేదు.

1992లో జేమీ జవిన్‌స్కీ విడుదల చేసిన ఎక్స్‌స్క్రీన్‌సేవర్ మరో సంప్రదాయానికి చెందినది. అది యూనిక్స్ యంత్రాలలోని ఎక్స్ విండో వ్యవస్థ మీద నడిచేది. లినక్స్ వ్యాపించిన కొద్దీ దాని వెంటే ఇళ్లలోకి వచ్చింది. అందులోని ప్రతి దృశ్యమూ విడి ప్రోగ్రాము. వాటిని ‘హ్యాక్’లని పిలుస్తారు, నేడు వాటి సంఖ్య రెండు వందలు దాటింది. ఎక్స్ వ్యవస్థలో ‘రిసోర్స్’ అనే ఏర్పాటు ఉంది. నేపథ్యం నలుపు, ముందురంగు ఆకుపచ్చ వంటి విలువలను ప్రోగ్రాము రచయిత డిఫాల్టులుగా రాసిపెడతాడు. వాడుకరి తన హోమ్ డైరెక్టరీలోని ఫైలులో వేరే విలువ రాసుకుంటే అదే చెల్లుతుంది. మూలప్రతిని ముట్టుకోకుండా అంచున రాసుకున్న పాఠాంతరానికే ప్రామాణ్యం దక్కిన కాలమిది.

కానీ రిసోర్స్ అన్నిటినీ అందుకోలేదు. ఆనాటి తెరలు చాలావరకు ఏకకాలంలో 256 రంగులనే చూపగలిగేవి. ఆ 256నూ నడుస్తున్న ప్రోగ్రాములన్నీ పంచుకోవాలి. అందువల్ల హ్యాక్ రచయితలకు ‘ఏ రంగు’ కంటే ‘ఎన్ని రంగులు’ అన్నదే ముఖ్యమైంది. ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌లోని అనేక హ్యాక్‌లు రంగులను పేర్లతో ఎంచుకోవు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న కలర్స్ అనే ఫైలులోని ప్రమేయాలను పిలుస్తాయి. ఆ ప్రమేయాలు యాదృచ్ఛికంగా కొన్ని బిందువులను ఎంచుకుని, వాటి మధ్య ఒకదానిలోంచి మరొకటి కరిగిపోయే వర్ణశ్రేణిని అల్లుతాయి. ఇక్కడ రంగు పదం వంటిది కాదు, సూత్రం వంటిది. పదాన్ని మార్చడం తేలిక. సూత్రాన్ని మార్చాలంటే వ్యాకరణం తెలియాలి. వర్ణచక్రంలో ఎరుపు 0 డిగ్రీల వద్ద, ఆకుపచ్చ 120 వద్ద, నీలం 240 వద్ద ఉంటాయి. యాదృచ్ఛిక సంఖ్యను పూర్తి 360లో కాక 200కూ 260కీ మధ్య మాత్రమే వెతికేలా దిద్దితే దృశ్యమంతా నీలిఛాయలలో సాగుతుంది. తరువాతి కాలంలో వచ్చిన సెట్టింగుల పెట్టెల్లో సైతం చాలా హ్యాక్‌లకు ‘రంగుల సంఖ్య’ అనే జరుపుడుమీట ఉంది, రంగును ఎంచుకునే చోటు లేదు. 256 రంగుల పరిమితి తొలగిపోయాక కూడా ఆ కాలపు ఆలోచన పెట్టెలో మిగిలిపోయిందన్నమాట.

ఈ సమస్య అత్యంత స్పష్టంగా కనిపించేది మ్యాట్రిక్స్ హ్యాక్‌లలో. 1999 మార్చి చివర విడుదలైన ‘ది మ్యాట్రిక్స్’ చలనచిత్రంలోని ఆకుపచ్చ అక్షరాల వానను అనుసరిస్తూ జవిన్‌స్కీ ఆ ఏడాదే ఎక్స్‌మ్యాట్రిక్స్‌నూ, 2003లో త్రిమితీయమైన జిఎల్‌మ్యాట్రిక్స్‌నూ రాశారు. రెండవదానిలో వాడుకరికి ఎన్నో ఐచ్ఛికాలున్నాయి. వాన సాంద్రతనూ వేగాన్నీ మార్చవచ్చు, పొగమంచును తీసివేయవచ్చు. సినిమాలోని అక్షరాలకు బదులు ద్విసంఖ్యామానపు అంకెలనో, డిఎన్ఎ అక్షరాలనో కురిపించవచ్చు. లిపిని మార్చే వీలుంది, రంగును మార్చే వీలు లేదు. కోడ్ చదివితే కారణం తెలుస్తుంది. అక్షరాల బొమ్మను చదువుకున్న తరువాత ప్రోగ్రాము ప్రతి చుక్కలోని ఆకుపచ్చ పాలును పారదర్శకతా విలువగా బదిలీ చేసి, ఆకుపచ్చ స్థానంలో గరిష్ఠమైన 255ను ఉంచుతుంది. అంటే ఆకుపచ్చ ఇక్కడ పైపూత కాదు. అక్షరపు ఆకారం తెరపైకి ప్రవేశించే ద్వారమే అది. నీలివాన కోరుకునేవారు బొమ్మను కాక ఈ చోటును పట్టుకోవాలి. బదిలీ పూర్తయ్యాక ఆకుపచ్చ, నీలం విలువల స్థానాలను తారుమారు చేస్తే చాలు. ఒకటి రెండు పంక్తుల పని. ఆ పంక్తులు ఎక్కడున్నాయో కనుక్కోవడానికే సమయమంతా పడుతుంది. పరిష్కర్తల అనుభవం కూడా ఇంతకు భిన్నం కాదు.

ఈ దిద్దుబాటు సాధ్యం కావడానికి నిర్మాణం కూడా తోడ్పడింది. తెరను తాళం వేసే ప్రధాన ప్రోగ్రాము వేరు, బొమ్మలు గీసే హ్యాక్‌లు వేరు. హ్యాక్ కూలిపోయినా తాళం ఊడదు. మార్చిన హ్యాక్‌ను కంపైల్ చేసి, దానిని మామూలు కిటికీలో నడిపి చూసుకుని, తృప్తి కలిగితే హోమ్ డైరెక్టరీలోని అమరికల ఫైలులో దాని పేరు చేర్చవచ్చు. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవారికి ఇంత నిరపాయమైన ప్రయోగశాల అరుదు.

2006లో గ్నోమ్ డెస్క్‌టాప్ తన సొంత స్క్రీన్‌సేవర్ కార్యక్రమాన్ని ప్రవేశపెట్టింది. హ్యాక్‌లు పాతవే, కానీ ఒక్కో దానికి ఉన్న సెట్టింగుల పెట్టె మాయమైంది. వేగం మార్చాలన్నా లాంచర్ ఫైలులోని ఆదేశపంక్తిని చేత్తో దిద్దాలి. సరళత పేరిట జరిగిన ఈ మార్పు వాడుకరిని సెట్టింగుల నుండి ఫైలుకు నెట్టింది. 2011లో వచ్చిన గ్నోమ్ 3లో దృశ్యాలే లేవు. నల్లతెర మాత్రం మిగిలింది. ఇరవై ఎనిమిదేళ్ల తరువాత కథ సోచా ప్రోగ్రాము వద్దకే చేరుకుంది.

దిద్దే హక్కు చట్టబద్ధంగా ఎంత దృఢమో 2016లో తేలింది. డెబియన్ పంపిణీలో పాత వెర్షన్ కొనసాగుతుండగా, ‘ఇది చాలా పాతది’ అని వాడుకరులను హెచ్చరించే సందేశం వివాదమైంది. కొత్తది ఇవ్వండి, లేదా పంపిణీ మానండి అని రచయిత కోరారు. కానీ ఆయనే ఎంచుకున్న లైసెన్సు, హక్కుల ప్రకటనను నిలిపి ఉంచినంతవరకు, వాడుకకూ మార్పుకూ పంపిణీకీ ఎవరికైనా అనుమతి ఇస్తుంది. కర్త అభిమతం ఒకటి, కర్త రాసి ఇచ్చిన పత్రం మరొకటి. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ డెబియన్‌లో కొనసాగింది. పాత వెర్షన్ల లోపాలకు ఫిర్యాదులు తనకే వస్తాయన్న జవిన్‌స్కీ ఆవేదనలో న్యాయం లేదని చెప్పలేం. అయినా నీలివాన కురిపించుకునే వాడుకరి హక్కు కూడా అదే పత్రం మీద ఆధారపడి ఉంది.

ఈ రంగుమార్పుల చరిత్ర రాయడంలో అసలు చిక్కు ఆధారాలది. దిద్దిన ప్రతులు వ్యక్తుల యంత్రాల్లోనే ఉండిపోయాయి. పంపిణీ సంస్థ నుండి కొత్త వెర్షన్ రాగానే పాత ప్రోగ్రాము మీదుగా అది కూర్చుంటుంది. సొంత పాఠం చెరిగిపోతుంది. జాగ్రత్తపరులు మాత్రం మార్పును ప్యాచ్ ఫైలుగా దాచుకున్నారు. 1985లో లారీ వాల్ రాసిన ప్యాచ్ ప్రోగ్రాము చదివే ఆ ఫైలులో తొలగించిన పంక్తికి ముందు ఒక గుర్తు, చేర్చిన పంక్తికి ముందు మరొక గుర్తు, చుట్టూ సందర్భం తెలిపే మారని పంక్తులు ఉంటాయి. పరిష్కృత ప్రతుల అడుగున ఇచ్చే పాఠాంతర సూచికకు ఇది చాలా దగ్గర. తేడా ఒక్కటే: ఈ సూచికను యంత్రం కూడా చదివి అమలు చేస్తుంది. మూలంలో ఆ చుట్టుపక్కల పంక్తులు మారిపోయిన నాడు ప్యాచ్ తన చోటును గుర్తించలేక తిరస్కరణ ఫైలు ఒకటి రాసిపెట్టి ఆగుతుంది. అప్పుడు వాడుకరి మళ్లీ కోడ్ తెరిచి, ఆకుపచ్చ 255 ఈసారి ఏ పంక్తికి చేరిందో వెతుక్కోవలసిందే.