నౌకరి, జీతం, కైకిలి, మేస్త్రి: నల్లగొండ, మహబూబ్‌నగర్ విశ్వవిద్యాలయాలు, పెద్ద దవాఖానలలో పని సంస్కృతి – వేతన చరిత్ర

వ్యాస సంగ్రహం:

ఒక సంస్థ పని సంస్కృతిని అక్కడి సగటు జీతంతోనో, భర్తీ అయిన ఖాళీల శాతంతోనో అంచనా వేయడం పరిపాటి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విశ్వవిద్యాలయాలకు, బోధనాసుపత్రులకు ఈ కొలమానం చాలదు. అవి పుట్టిన కాలమే అక్కడి వేతన సంబంధాలను నిర్ణయించిందని, ఈ ప్రాంతపు పాత శ్రమ సంబంధాలు కొత్త పేర్లతో ఒకే ప్రాంగణంలో కొనసాగుతున్నాయని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: నౌకరి, జీతం, కైకిలి, మేస్త్రి, ఒప్పంద అధ్యాపకులు, పొరుగు సేవలు, సమాన వేతనం.

1. ఉపోద్ఘాతం:

దక్షిణ తెలంగాణ పల్లె భాషలో పనికి ఒకే పేరు లేదు. నెల తిరిగేసరికి ఖాయంగా డబ్బు వచ్చి, చివరకు పింఛను దొరికేది 'సర్కారు నౌకరి'. ఏడాది కరారు మీద ఆసామి దగ్గర చేసేది 'జీతం'. ఆ మనిషి 'జీతగాడు'. ఏ రోజు పని ఆ రోజు లెక్కగట్టేది 'కైకిలి'. గుంపును కూడగట్టి, బయానా ఇచ్చి, దూరపు పనులకు తీసుకుపోయేవాడు 'మేస్త్రి'. పాలమూరు వలస కూలీల చరిత్రను మేస్త్రిని విడిచి రాయలేము. ఇవి కేవలం మాటలు కావు. పనిచేసేవాడికి రేపటి మీద ఎంత హక్కు ఉందో చెప్పే కొలతలు. నేటి విశ్వవిద్యాలయాన్ని, దవాఖానను ఈ కొలతలతో పరిశీలించడం అవసరం.

2. ఆలస్యంగా వచ్చిన సంస్థలు:

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ విద్యార్థులు తరతరాలుగా ఉన్నత విద్య కోసం హైదరాబాదు వెళ్లారు. తరువాత కాలంలో ఈ జిల్లా కేంద్రాలలో ఉస్మానియా స్నాతకోత్తర కేంద్రాలు వచ్చినా, స్వతంత్ర విశ్వవిద్యాలయానికి 2007 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది నల్లగొండలో ఏర్పడిన విశ్వవిద్యాలయమే తరువాత మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం అయింది. 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చింది.

వైద్య విద్య చరిత్ర కూడా ఇటువంటిదే. 1999లో నార్కట్‌పల్లి, మహబూబ్‌నగర్‌లలో ప్రైవేటు వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ప్రభుత్వ వైద్య కళాశాల మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తులకు 2022లో, గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలకు 2024లో వచ్చింది. బీబీనగర్ ఎయిమ్స్‌కు కేంద్ర మంత్రివర్గం 2018 డిసెంబరులో ఆమోదం తెలిపింది.

ఈ తేదీల పక్కన మరో వరుస తేదీలను ఉంచి చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1994లో చేసిన రెండవ చట్టం దినవేతన నియామకాలను నిషేధించింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ల సేవ పూర్తిచేసినవారి క్రమబద్ధీకరణకు మాత్రమే తరువాతి ఉత్తర్వులు దారి ఇచ్చాయి. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, నియమావళిని పాటించని నియామకాలను క్రమబద్ధీకరించరాదని తీర్పు చెప్పింది. మంజూరైన ఖాళీలలో అప్పటికే పదేళ్లు పనిచేసిన అర్హులకు ఒక్కసారికి మినహాయింపునిచ్చింది. మరుసటి ఏడాదే నల్లగొండ విశ్వవిద్యాలయం పుట్టింది. అంటే ఇక్కడ తొలిరోజు పాఠం చెప్పిన ఒప్పంద అధ్యాపకుడు సైతం ఆ మినహాయింపు గడువు దాటాకే చేరాడు. పాత విశ్వవిద్యాలయాలలో ఒప్పంద పద్ధతి శాశ్వత వ్యవస్థను క్రమంగా తొలిచింది. ఇక్కడ అది పునాదిలోనే ఉంది. ఈ తేడాను గుర్తించని పోలిక ఏదైనా అసంపూర్ణమే.

3. విశ్వవిద్యాలయంలో జీతం, కైకిలి:

ఏడవ వేతన సవరణ ప్రకారం సహాయాచార్యుని ప్రారంభ మూలవేతనం రూ.57,700. యు.జి.సి. 2010 నిబంధనలు ఒప్పంద అధ్యాపకుల సంఖ్య మొత్తం బోధన పోస్టులలో 10 శాతం మించరాదని, వారి వేతనం క్రమబద్ధ సహాయాచార్యుని స్థూల వేతనానికి తగ్గరాదని చెప్పాయి. ఆచరణ ఇందుకు దూరంగా సాగింది. ఏటా పొడిగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే ఒప్పంద అధ్యాపకుడు జీతగాని స్థితికి, పాఠాల లెక్కన పారితోషికం పొందే అతిథి అధ్యాపకుడు కైకిలి స్థితికి దగ్గరగా ఉన్నారు. ఈ పోలికకు పరిమితి ఉంది. జీతగాని మెడకు అప్పు ఉండేది, అధ్యాపకునికి అది లేదు. అయితే కరారు ముగిసే నెలలో నోరు మెదపలేని స్థితి ఇద్దరికీ సమానం. పని సంస్కృతి అనే మాటకు అసలు అర్థం అక్కడే తెలుస్తుంది.

దీని ప్రభావం పరిశోధన మీద కూడా పడింది. యు.జి.సి. పిహెచ్.డి. నిబంధనల ప్రకారం క్రమబద్ధ అధ్యాపకులు మాత్రమే పర్యవేక్షకులు కాగలరు. పదిహేనేళ్లు స్నాతకోత్తర తరగతులకు బోధించిన ఒప్పంద అధ్యాపకుడు ఒక్క పరిశోధకునికి కూడా మార్గదర్శి కాలేడు. క్రమబద్ధ అధ్యాపకులు లేని శాఖలో పరిశోధన ప్రవేశాలే ఉండవు. పాలమూరు, నల్లగొండ సాహిత్యం, జానపదం, శాసనాల మీద జరగవలసిన పరిశోధన మళ్లీ హైదరాబాదు దారి పట్టడానికి ఇదొక కారణం.

ఖాళీల భర్తీకి తెలంగాణ శాసనసభ 2022 సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక మండలి బిల్లును ఆమోదించింది. గవర్నరు దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. 2023 ఏప్రిల్ 30న వివిధ శాఖలలోని 5,544 మంది ఒప్పంద ఉద్యోగులు క్రమబద్ధులయ్యారు. వారిలో జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్ అధ్యాపకులు ఉన్నారు. విశ్వవిద్యాలయాల ఒప్పంద అధ్యాపకులు లేరు.

4. దవాఖానలో నౌకరి, మేస్త్రి:

దవాఖాన విషయంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. వైద్యారోగ్య సేవల నియామక మండలి పనిచేయడం వల్ల 2024 జనవరి 31న ఒక్కరోజే 6,956 మంది నర్సింగ్ అధికారులు నియామక పత్రాలు అందుకున్నారు. భర్తీకి సంస్థాగతమైన దారి ఉంటే నౌకరి సాధ్యమేనని ఇది చూపుతుంది.

అయినా ఒకే పనికి ఒకే వేతనం లేదు. రాష్ట్ర నర్సింగ్ అధికారి వేతన శ్రేణి రూ.36,750తో మొదలవుతుంది. బీబీనగర్ ఎయిమ్స్‌లో అదే హోదాకు ప్రారంభ మూలవేతనం రూ.44,900. రెండు వేతన సంఘాల కరువు భత్యాలు వేరు కాబట్టి ఈ అంకెలను నేరుగా పోల్చరాదు. తేడా ఉందన్నది మాత్రం వాస్తవం. ప్రైవేటు రంగంలో 200 పడకలు మించిన ఆసుపత్రులలో నర్సులకు ప్రభుత్వంతో సమాన వేతనం ఇవ్వాలని, 50 పడకల లోపు చోట్ల కూడా రూ.20,000 తగ్గరాదని, సుప్రీంకోర్టు 2016 జనవరి ఆదేశంతో ఏర్పడిన నిపుణుల సంఘం సిఫారసు చేసింది.

పారిశుద్ధ్య, భద్రతా, రోగి సహాయ సిబ్బంది పరిస్థితి వేరు. వారి యజమాని దవాఖాన కాదు, ఏజెన్సీ. 2022లో ప్రభుత్వం ఏజెన్సీలకిచ్చే చెల్లింపును పడకకు నెలకు రూ.5,000 నుంచి రూ.7,500కు పెంచింది. ఇక్కడ లెక్క మనిషికి కాదు, పడకకు. పడకకు వచ్చిన సొమ్ములో మనిషి చేతికి ఎంత చేరుతుందో, ఏ తేదీన చేరుతుందో మధ్యవర్తి మీద ఆధారపడి ఉంటుంది. మేస్త్రి వ్యవస్థ లక్షణం సరిగ్గా ఇదే. రాష్ట్రంలో పొరుగు సేవల వేతనాలు 2021 సవరణతో మూడు తరగతులుగా రూ.15,600, రూ.19,500, రూ.22,750 అయ్యాయి. బొంబాయి, పుణె పనులకు పోయిన తండ్రి మేస్త్రి కింద పనిచేస్తే, సొంత జిల్లా దవాఖానలో చేరిన బిడ్డ ఏజెన్సీ కింద పనిచేస్తున్నది. ఊరు విడిచే అవసరం తప్పింది, మధ్యవర్తి తప్పలేదు.

5. మూల్యాంకనం – ప్రతిపాదనలు:

1994లో ఏర్పడిన న్యాక్, 2016 నుంచి ర్యాంకులిస్తున్న ఎన్.ఐ.ఆర్.ఎఫ్. అధ్యాపకుల సంఖ్యను, అర్హతలను లెక్కిస్తాయి. జాతీయ వైద్య కమిషన్ ఆధార్ ఆధారిత హాజరును చూస్తుంది. మనిషి ఉన్నాడా అన్నది ఈ లెక్కలలో కనిపిస్తుంది, ఏ షరతు మీద ఉన్నాడన్నది కనిపించదు. అందువల్ల మూల్యాంకనంలో నాలుగు అంశాలు చేర్చవలసి ఉంది: ఒకే పనికి ఇచ్చే గరిష్ఠ, కనిష్ఠ వేతనాల నిష్పత్తి; జీతం చేతికందే తేదీ; కరారు కాలం, మధ్యలో వచ్చిన విరామాలు; పాఠ్య, పరిశోధన, పాలక మండళ్లలో అన్ని తరగతుల వారికి ఉన్న ప్రాతినిధ్యం. ఈ నాలుగూ సంస్థ రికార్డుల నుంచే తేలుతాయి. ప్రత్యేక సర్వే అవసరం లేదు.

న్యాయపరమైన ఆధారం కూడా ఉంది. 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, సమాన పనికి సమాన వేతన సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ ఒప్పంద సహాయాచార్యుల కేసులో, సభలలో గురువును స్తుతించడంతో సరిపోదని, ఆ గౌరవం దేశం గురువుల పట్ల వ్యవహరించే తీరులోనూ కనబడాలని వ్యాఖ్యానించింది.

6. ఉపసంహారం:

ఒక తరం కిందట ఈ జిల్లాల డిమాండు 'మాకూ విశ్వవిద్యాలయం, మాకూ పెద్ద దవాఖాన' అన్నది. అది నెరవేరింది. కానీ ఆ సంస్థలు ఉద్యోగ భద్రత కుదించుకుపోయిన కాలంలో వచ్చాయి. అందువల్ల నౌకరి కొందరికి, జీతం, కైకిలి, మేస్త్రి తక్కినవారికి అన్న పాత విభజన ఒకే గేటు లోపల స్థిరపడింది. క్రమబద్ధ నియామకాల ద్వారా ఈ విభజనను తగ్గించవచ్చని వైద్యరంగ అనుభవం కొంత మేరకు నిరూపించింది. విశ్వవిద్యాలయాలకు ఆ దారి తెరుచుకోనంత కాలం భవనాలు, కోర్సులు, ర్యాంకులు ఎన్ని పెరిగినా, అక్కడి పని సంస్కృతిని కరారు ముగిసే నెలలో మాట్లాడగలిగేవారెందరు అన్న ప్రశ్నతోనే అంచనా వేయవలసి ఉంటుంది.