మిరుమిట్లను తొలగించు అద్దము

చెరువుగట్టున నిలిచి నీటిని ఫోటో తీయబోయిన వారికి ఒక చిక్కు తప్పక ఎదురగును. అడుగున గులకరాళ్ళు, నాచు, చేపపిల్లలు ఉన్నవని తెలియును. తీసిన పటమును చూచుకొన్నచో నీటిమీది తెల్లని తళుకు తప్ప మరేమియు కానరాదు. అట్టి వేళ కెమెరా లెన్సుకు ముందు ఒక బూడిదరంగు అద్దమును బిగించి మెల్లగా త్రిప్పుదురు. ఒకానొక స్థితికి వచ్చుసరికి తళుకు తొలగును, నీటి అడుగు కనబడును. ఆకులపై జిగి పోయి పచ్చదనము బయటపడును. ఆకసము నీలమై, తెల్లమబ్బులు చెక్కినట్లు నిలుచును. దీనినే ధ్రువణ ఫిల్టరు అందురు. ఇంత ఉపకారము చేయు ఈ అద్దమును కనిపెట్టినవాడు ఫోటోల కొరకు కనిపెట్టలేదు. అతని లక్ష్యము వేరు. ఆ లక్ష్యము నెరవేరలేదు కూడ.

ముందుగా కాంతి సంగతి కొంత చెప్పుకొందము. కాంతి తరంగము తాను పోవు దారికి అడ్డముగా కంపించును. సూర్యుని నుండి నేరుగా వచ్చు కాంతిలో ఈ కంపనములు అన్ని దిక్కులకును చెదరియుండును. కిటికీ కమ్మీల నడుమ ఒక త్రాడును దూర్చి ఆడించినచో, కమ్మీల వెంబడి లేచు అలలు మాత్రమే దాటిపోవును, అడ్డముగా లేచునవి అచ్చటనే ఆగిపోవును. ఇట్లు ఒకే దిక్కునకు కుదిరిన కాంతిని ధ్రువిత కాంతి యందురు. నీటిపై, గాజుపై, ఆకుపై పడి తిరిగివచ్చు కాంతి చాలవరకు ఇట్టిదే. కనుకనే తగిన కమ్మీలు గల అద్దము దానిని ఆపగలుగుచున్నది.

ఈ సంగతి మొదట ఐస్‌లాండు దేశపు స్ఫటికము వలన బయటపడెను. దాని గుండ చూచినచో ప్రతి వస్తువును రెండుగా కనబడునని డెన్మార్కు పండితుడు బార్తొలిన్ 1669లో వ్రాసెను. హైగెన్స్ పండితుడు 1690లో దానిని మరికొంత పరిశీలించెను. కాని ఆ వింత అటుపిమ్మట నూరేండ్లకు పైగా వింతగానే మిగిలిపోయెను.

1808లో పారిస్ నగరమున మాల్యూస్ అను సైనిక ఇంజనీరు అస్తమించు సూర్యుని కిరణములు లక్సెంబర్గు సౌధపు కిటికీ అద్దములపై మెరయుచుండగా, తన యింటినుండి ఆ స్ఫటికము గుండ చూచెను. రెండు బింబములు కనబడెను గాని రెండును సమముగా లేవు. స్ఫటికమును త్రిప్పిన కొలది ఒకటి మసకబారుచు రెండవది ప్రకాశించుచుండెను. అద్దముపై పడి మరలిన కాంతి మామూలు కాంతి కాదని అతనికి తట్టెను. ఈ ధర్మమునకు ధ్రువణమని పేరు పెట్టినవాడును అతడే. అయస్కాంతమునకు వలె కాంతికణములకును ధ్రువములున్నవని అతని ఊహ. ఆ ఊహ నిలువలేదు, పేరు మాత్రము నిలిచెను. కాంతి కంపనము అడ్డదిక్కునదని ఫ్రెనెల్ చెప్పుటకు మరి పదేండ్లకు పైగా పట్టెను. నెపోలియనుతో ఈజిప్టు దండయాత్రకు పోయి వచ్చిన మాల్యూస్ 1812లో చిన్న వయస్సుననే మరణించెను.

నీలాకాశపు కాంతియు ధ్రువితమేనని అరాగో కనుగొనెను. ఏ కోణమున మరలిన కాంతి పూర్తిగా ధ్రువితమగునో స్కాట్లండువాడైన బ్రూస్టరు 1815లో లెక్కగట్టెను. లంబమునుండి కొలిచినచో నీటికి ఆ కోణము సుమారు 53 డిగ్రీలు, గాజునకు సుమారు 56. స్ఫటికపు ముక్కలు రెంటిని అతికి ఒక బింబమును మాత్రమే రానిచ్చు పట్టకమును నికల్ 1828లో తయారుచేసెను. కాంతిని పరిశోధించువారికి చాలకాలము అదియే ముఖ్యసాధనము.

ఆ పట్టకము ఒకటి 1921లో మన దేశీయుని జేబులో నుండెను. చంద్రశేఖర వేంకట రామన్ గారు ఆక్స్‌ఫర్డులో జరిగిన విశ్వవిద్యాలయముల మహాసభకు పోయి, నర్కుండా అను ఓడలో తిరిగివచ్చుచుండిరి. విశాఖపట్టణపు ఏ.వి.ఎన్. కళాశాలలో ఆయన తండ్రిగారు అధ్యాపకులు. రామన్ గారి తొలి చదువు ఆ సముద్రతీరముననే సాగినది గనుక తెలుగువారికి ఈ ముచ్చట మరింత ప్రీతికరము. మధ్యధరా సముద్రపు గాఢనీలము ఆయనను ఆకర్షించెను. లోతైన సముద్రపు నీలిమ తనది కాదు, అది అద్దములో వలె ప్రతిఫలించిన ఆకాశపు నీలిమయేయని లార్డు రేలీ అంతటివాడు చెప్పియుండెను. ఆ మాటను కాదనుటకు గొప్ప ప్రయోగశాల అవసరము లేకపోయెను. రామన్ గారు ఓడపైనుండి బ్రూస్టరు కోణమున నీటిని చూచుచు, నికల్ పట్టకమును త్రిప్పి పైనుండి మరలివచ్చు ఆకాశపు కాంతిని తొలగించిరి. రేలీ మాట నిజమైనచో అప్పుడు నీలిమ మాసిపోవలెను. అది మాయలేదు సరికదా, ఇంకను చిక్కబడెను. ఆ రంగు నీటి అణువులు వెదజల్లిన కాంతిదే యని ఆయన నిశ్చయించి, బొంబాయి రేవునుండియే నేచర్ పత్రికకు లేఖ వ్రాసిరి. అణువులు కాంతిని వెదజల్లు తీరుపై అటుపిమ్మట జరిగిన కృషియే 1928లో రామన్ ఫలితమునకు, 1930లో నోబెల్ బహుమతికి దారితీసెను. చెరువుగట్టున నిలిచిన ఫోటోగ్రాఫరు నేడు చేయు పని సరిగా ఇదియే. పైతళుకును ఆపి లోపలి కాంతిని రానిచ్చుటయే గదా!

అయిన, నికల్ పట్టకము కంటికి చాలును గాని కెమెరాకు చాలదు. స్వచ్ఛమైన పెద్ద స్ఫటికములు దొరకుట అరుదు, ధర అధికము. లెన్సునంతటిని కప్పవలెనన్నచో పలుచని, వెడల్పైన పలక కావలెను. దాని జాడ 1852లో ఒక విచిత్రమైన చోట కనబడెను. ఇంగ్లండులో బ్రిస్టల్ వైద్యుడు హెరపాత్ వద్ద క్వినైను తినిపించిన కుక్క యొకటి ఉండెను. దాని మూత్రములో శిష్యుడు అయొడిను చుక్క వేయగా పచ్చని సన్నని స్ఫటికములు పుట్టెను. అవి కాంతిని ధ్రువించునని హెరపాత్ గుర్తించెను గాని, పట్టుకొన్న మాత్రమున విరిగిపోవు ఆ స్ఫటికములను పెద్దవిగా పెంచుట ఎవరికిని సులభము కాలేదు.

కలైడోస్కోపును గురించి బ్రూస్టరు వ్రాసిన గ్రంథములో ఈ వృత్తాంతమును చదివిన అమెరికను బాలుడు ఎడ్విన్ లాండ్. ఇతడు 1926లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, కొలది నెలలకే వదలి న్యూయార్కు పోయెను. పగలు గ్రంథాలయమున చదువుచు, రాత్రులు కొలంబియా విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో రహస్యముగా పనిచేసెనందురు. స్ఫటికమును పెద్దదిగా పెంచుటకు మారుగా, కంటికి కనబడనంత చిన్న స్ఫటికములను కోట్లకొలదిగా లక్క వంటి జిగురులో కలిపి, అన్నిటిని ఒకే దిక్కునకు తీర్చినచో చాలునని అతడు గ్రహించెను. మా దృష్టిలో ఈ ఒక్క ఆలోచనయే ఆ పరిశోధనలో అసలు రహస్యము. 1929లో పేటెంటుకు దరఖాస్తు పెట్టెను. 1938లో స్ఫటికములే లేని పలక వచ్చెను. సాగదీసిన ప్లాస్టిక్ పొరకు అయొడిను పట్టించి దానిని చేసిరి. నేటి ఫిల్టరులు చాలవరకు ఆ జాతివే.

లాండ్ మనసులో నున్నది కార్ల దీపములు. ఎదురుగా వచ్చు వెలుగు కళ్ళు చెదరగొట్టగా రాత్రివేళ ప్రాణములు పోవుచుండెను. ప్రతి కారు దీపమునకును 45 డిగ్రీల వాలున ఈ పలకను అమర్చి, అదే వాలున మరియొక పలకను డ్రైవరు ముందుంచినచో, తన వెలుగు తనకు కనబడును, ఎదుటివాని వెలుగు ఆగిపోవును. కాని పలక సగమునకు పైగా కాంతిని మ్రింగివేయును గనుక దీపములు మరింత ప్రకాశించవలెను. పైగా అన్ని కార్లకును ఒక్కసారిగా అమర్చిననే గాని ఫలితముండదు. కార్ల కంపెనీలు సంవత్సరముల తరబడి పరీక్షించి, 1947 నాటికి వద్దనెను.

అంతవరకు లాండ్ సంస్థను పోషించినవి చిల్లర సరుకులనదగిన చలువ కళ్ళద్దములు, కెమెరా ఫిల్టరులు. 1934లోనే ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీ ఫోటోగ్రఫీ కొరకు ఈ పలకలు కొనుటకు ఒప్పందము చేసికొనెను. తరుణము కూడ కలిసివచ్చెను. నలుపు తెలుపు పటములలో ఆకసమును ముదురు చేయుటకు పసుపు లేక ఎరుపు అద్దము చాలును. 1935లో కోడాక్రోమ్ రంగుల ఫిల్ము వచ్చిన పిమ్మట రంగుటద్దము పనికిరాక పోయెను, పటమంతయు ఆ రంగే అగును గదా! ఇతర రంగులను చెడగొట్టక ఆకసమును నీలము చేయునది ధ్రువణ ఫిల్టరు ఒక్కటే.

వాడువారు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. సూర్యుడు ప్రక్కనుండగా, అనగా లెన్సు చూపునకు 90 డిగ్రీలలో నున్నప్పుడే ఆకాశముపై ప్రభావము హెచ్చు. సూర్యుడు వెనుకనో ఎదుటనో ఉన్నచో ఫలితము స్వల్పము. విశాల దృశ్యము చూపు లెన్సుతో ఆకసము ఒకచోట నల్లబడి మరొకచోట పాలిపోవును, అది చూడ సొంపుగా నుండదు. లోహపు తళుకు ఈ అద్దమునకు లొంగదు. ఇంద్రధనుస్సును ఫోటో తీయునప్పుడు అజాగ్రత్తగా త్రిప్పినచో అది మాయమే కాగలదు. కాంతియు చాలవరకు తరిగిపోవును గనుక ఎక్స్‌పోజరు ఒకటిన్నర, రెండు స్టాపులు పెంచవలెను. లోపలి అద్దములతో కాంతిని కొలుచు కెమెరాలు తికమక పడకుండుటకు వర్తుల ధ్రువణ ఫిల్టరులు వచ్చినవి. వీటికి వెనుకవైపు మరియొక పొర ఉండును గనుక తిరుగవేసి బిగింపరాదు.

కంప్యూటరుతో ఆకసమునకు ఎంత నీలమైనను పూయవచ్చుననియు, ఇక ఈ అద్దమేలయనియు కొందరు ప్రశ్నింతురు. ఆకసము మాటకు వారు చెప్పునది చాలవరకు నిజమే. కాని తళుకు క్రింద మరుగుపడి కెమెరాకు అసలే అందని గులకరాళ్ళను ఏ యంత్రమును తరువాత వెలికి తీయలేదు. వాటిని చూడవలెనన్నచో గట్టుననే నిలిచి, మీట నొక్కుటకు ముందే అద్దమును త్రిప్పవలెను.