బొండకొయ్య నుంచి బేడీల దాకా

తప్పు చేశాడన్న మనిషిని నలుగురి ముందు తలవంచుకుని నడిచేలా చేయడం పల్లెటూళ్ల పాత ఆచారమనీ, కోర్టులు వచ్చాక సర్కారు దాన్ని మాన్పించిందనీ చాలామంది నమ్మకం. కడప జిల్లా చరిత్ర చూస్తే ఆ నమ్మకం నిలవదు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదిలేశాక 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోయే 1814లో న్యాయ సంస్కరణల కమిషన్‌కు పెద్దగా మద్రాసు తిరిగొచ్చాడు. ఆ సంస్కరణల్లో పుట్టిందే 1816 నాటి 11వ రెగ్యులేషన్. దాని ప్రకారం తిట్టుకున్నా, చిన్నపాటి కొట్లాటకు దిగినా గ్రామ పెద్ద దోషిని 12 గంటలకు మించకుండా చావడిలో ఉంచవచ్చు. కింది కులాలవాడైతే 6 గంటల దాకా బొండకొయ్యలో వేయవచ్చు. గంట్లు కొట్టిన రెండు బరువైన దుంగల మధ్య కాళ్లు బిగించేస్తే ఇక లేవడానికి లేదు, మొహం దాచుకోవడానికీ లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెలకూ వర్తించిన చట్టమిది. మన్రో ఉన్న అలవాటునే కాగితం మీద పెట్టాడని కొందరంటారు. కావచ్చు. కానీ కాగితం మీదికెక్కాక అది ఊరిపెద్ద కోపంగా మిగల్లేదు, సర్కారు ఇచ్చిన అధికారమైంది. ఒకే తప్పుకు ఒకరికి చావడి నీడ, మరొకరికి బొండకొయ్య అన్న తేడానూ చట్టమే ఖాయం చేసింది.

పరువు పోతుందన్న భయమే నేరాల్ని ఆపుతుందన్న వాదన ఇప్పటికీ గట్టిగానే వినిపిస్తుంది. అలాంటివారు మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసలపై విచారించిన కమిషన్ 1855లో ఇచ్చిన నివేదిక చూడాలి. మనిషి జుట్టును గాడిద తోకకో దున్నపోతు తోకకో కట్టడం, ఎండలో వంచి నిలబెట్టడం అందులో నమోదయ్యాయి. వీటి పాలబడిన వాళ్లలో ఎందరో దొంగలు కారు, శిస్తు కట్టలేని రైతులు. అంటే ఈ ఆయుధం నేరస్థుణ్ణి వెతుక్కుంటూ పోలేదు; బలవంతుడి చేతిలో ఉండి, ఎదురు చెప్పలేనివాడి మీదే పడింది.

స్వతంత్రం వచ్చాక చట్టం ఎదురు తిరిగింది. సంకెళ్లు వేయడం మామూలు పద్ధతి కాకూడదని సుప్రీంకోర్టు 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో చెప్పింది. దళితుల్ని, గిరిజనుల్ని వివస్త్రల్ని చేసి గానీ ముఖానికి రంగు పూసి గానీ ఊరేగించడాన్ని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం నేరమంది. ఆ వాక్యం రాయాల్సి వచ్చిందంటే అలాంటివి అప్పటికీ జరుగుతున్నట్టే కదా! అయినా 2025లో తెనాలిలో యువకుల్ని నడిరోడ్డు మీద కూర్చోబెట్టి పోలీసులు అరికాళ్ల మీద కొట్టిన వీడియో బయటికొచ్చింది. వాళ్ల మీద పాత కేసులున్నాయని సమర్థించినవాళ్లూ ఉన్నారు. కేసులుంటే కోర్టుంది. జైలు శిక్షకు గడువుంటుంది, జనం కళ్లముందు పోయిన పరువుకు గడువు లేదు. రేపు నిర్దోషి అని తేలినా ఆ తీర్పును అదే బజారులో ఎవరూ దండోరా వేయించరు. అతని తల్లీ పెళ్లీడు చెల్లెలూ ఏ విచారణా లేకుండానే ఆ శిక్షలో భాగం పంచుకుంటారు. ప్రెస్‌మీట్లలో నిందితుడి మొహానికి ముసుగు వేయడం పోలీసులు నేర్చుకున్నారు. అదే జాగ్రత్త స్టేషన్ గుమ్మం నుంచి కోర్టు గుమ్మం దాకా కూడా ఉండి తీరాలి.