నూర్ నోరా ఎందుకైంది?

ముస్లిం స్త్రీ అనగానే మన చరిత్ర పుస్తకాలకు రెండే బొమ్మలు గుర్తొస్తాయి. అంతఃపురంలో బేగం, లేదా బురఖా వెనక మౌనం. నీలిరంగు యూనిఫాం వేసుకొని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, యుద్ధ విమానాల స్థావరంలో మోర్స్ కోడ్ కొట్టిన ముస్లిం యువతి గురించి నేను చదివిన పాఠాల్లో ఒక్క ముక్క లేదు. ఆమె పేరు నూరున్నిసా ఇనాయత్ ఖాన్.

నూర్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడా సంగీత ఖాందాన్‌కు చెందిన సూఫీ. తల్లి అమెరికా మనిషి, పెళ్లయ్యాక అమీనా బేగం అయింది. తండ్రి తల్లి వైపు నుంచి వీళ్లకు టిప్పు సుల్తాన్‌తో రక్తసంబంధం. మన హైదరాబాద్‌తోనూ ఈ ఇంటికి బంధముంది. ఇనాయత్ ఖాన్‌కు ముర్షిద్ దొరికింది ఇక్కడే. ఆయన పాటకు మెచ్చి తాన్‌సేన్ బిరుదిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. అయితే 1799లో ఇంగ్లీషువాళ్లతో కలిసి శ్రీరంగపట్నం మీదికి నడిచిన సైన్యాల్లో నిజాం సైన్యమూ ఉంది! ముస్లింలంతా ఒకటే ముద్ద అనేవాళ్లు ఈ సంగతి కూడా చదువుకోవాలి.

నూర్ పెరిగింది పారిస్ పక్కన సురేన్‌లో. వీణ నేర్చుకుంది. సోర్బాన్‌లో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివింది. బౌద్ధ జాతక కథలను పిల్లల కోసం ఇంగ్లీషులో తిరగరాస్తే 1939లో పుస్తకంగా వచ్చాయి. ఇదంతా ఇస్లాం కాదని కొందరు మనవాళ్లే అనవచ్చు. ఉరుసుల్లో, పీర్ల పండుగల్లో పెరిగిన మనకు ఈ కలగలుపు కొత్తేమీ కాదు.

1940 జూన్‌లో నాజీలు పారిస్‌లోకి వస్తుంటే ఆ కుటుంబం ఇంగ్లండుకు పారిపోయింది. అహింస నమ్మిన ఇల్లు. కళ్లెదుట యూదుల్ని వేటాడుతుంటే అహింస పేరుతో ఊరకుండటం ధర్మమేనా అని అక్కాతమ్ముళ్లు తర్కించుకున్నారు. ప్రమాదంలో నిలబడాలి, చంపే పని మాత్రం వద్దు అనుకున్నారు. నూర్ మహిళా సహాయక వైమానిక దళానికి అర్జీ పెట్టింది. మాస్కోలో పుట్టావు, కుదరదన్నారు. ఆమె ఊరుకోలేదు. నాకు బ్రిటిష్ రక్షణ పాస్‌పోర్టు ఉందంటూ ఘాటుగా ఉత్తరం రాసింది. 1940 నవంబర్ 19న దళంలో చేర్చుకున్నారు.

చేరేటప్పుడు రిజిస్టర్‌లో పేరు ‘నోరా’ అని రాయించింది. మతం ‘చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్’ అని రాయించింది. ఎందుకని అడుగుతారా? అద్దె ఇంటి కోసం వెళ్లి పేరు చెప్పడానికి ఒక్క క్షణం తటపటాయించిన ఏ ముస్లింనైనా అడగండి, చెబుతాడు.

ఆ దళంలో 1943 నాటికి 1,80,000 మందికి పైగా స్త్రీలున్నారు. రాడార్ తెరలు చూశారు, పారాచూట్లు మడిచారు, బెలూన్లు ఎగరేశారు. అదే హోదాలో ఉన్న మగవాళ్ల జీతంలో మూడింట రెండు వంతులే వాళ్లకిచ్చారు. వైర్‌లెస్ ఆపరేటర్లుగా శిక్షణ పొందిన మొదటి స్త్రీలలో నూర్ ఒకతె. హారోగేట్, ఎడింబరోలలో నేర్చుకొని 1941లో అబింగ్‌డన్ బాంబర్ శిక్షణ స్థావరానికి వెళ్లింది.

1942లో ఆఫీసర్ హోదా కోసం ఇంటర్వ్యూ జరిగింది. అవి గాంధీ, నెహ్రూల మీద జైలు తలుపులు మూసుకున్న రోజులు. భారత స్వాతంత్ర్యం గురించి అడిగారు. జర్మనీతో యుద్ధం సాగినంత కాలం మీకు విధేయంగా ఉంటాను, తర్వాత నా దేశం పక్షాన నిలవాల్సి వస్తే నిలుస్తాను అని చెప్పింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది. పోలేదు. పేరు దాచుకున్న మనిషి అభిప్రాయం దాచుకోలేదు!

ఆమెకు ఫ్రెంచి వచ్చు, వైర్‌లెస్ వచ్చు. అందుకే రహస్య దళం పిలిచింది. 1943 జూన్ 16 రాత్రి చిన్న విమానంలో ఫ్రాన్స్‌లో దింపారు. వారం పది రోజుల్లోనే తోటివాళ్లు వరసగా దొరికిపోయారు. తిరిగి వచ్చెయ్యమంటే రానంది. ట్రాన్స్‌మీటర్ మోసుకుంటూ ఇల్లిల్లూ మారుతూ అక్టోబర్ దాకా సందేశాలు పంపింది. చివరికి ఎవరో పట్టించారు. సందేశాల నకళ్లు రాసి పెట్టుకున్న నోటుపుస్తకం జర్మన్ల చేతికి చిక్కింది. దాంతో వాళ్లు ఆమె పేరున లండన్‌ను మోసగించారు, మరికొందరు ఏజెంట్లు బలయ్యారు. ఆమెను దేవతను చెయ్యనక్కర్లేదు. రెండుసార్లు తప్పించుకోబోయింది. ఇక పారిపోనని సంతకం పెట్టమంటే పెట్టలేదు. ఫోర్జ్‌హైమ్ జైల్లో పది నెలలు సంకెళ్లలో ఉంచారు. 1944 సెప్టెంబర్ 13న డాకౌలో మరో ముగ్గురు స్త్రీలతో పాటు కాల్చేశారు. అప్పటికి ఆమెకు ముప్పయ్యేళ్లు.

1949లో బ్రిటన్ జార్జ్ క్రాస్ ప్రకటించింది. గెజెట్‌లో అప్పుడూ నోరా ఇనాయత్ ఖాన్ అనే అచ్చయింది. లండన్‌లో విగ్రహం లేచింది 2012లో.

ఇప్పుడు ఆమెను ‘మంచి ముస్లిం’కు నమూనాగా చూపించి, మిగిలిన వాళ్ల దేశభక్తికి కొలబద్ద చేసే ప్రమాదముంది. అది మాకొద్దు. టిప్పును చంపిన సామ్రాజ్యపు యూనిఫాం ఆమె వేసుకుంది, ఆ సామ్రాజ్యం తన దేశాన్ని వదిలిపోవాలని దాని ఆఫీసర్ల ముందే చెప్పింది. ఈ రెండూ కలిస్తేనే నూర్. ఒక మనిషిలో ఇన్ని విధేయతలు ఉండగలవని ఒప్పుకోలేని వాళ్లే మమ్మల్ని ఎప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు. ముందు ఆమెను ఆమె సొంత పేరుతో పిలుద్దాం.