షేక్స్పియరు జన్మగృహము – దాని యుద్ధరణము

ఆంగ్లదేశమున ఎవన్ నదీతీరమందలి స్ట్రాట్ఫర్డు పట్టణములో, హెన్లీ వీథియందు, షేక్స్పియరు జన్మస్థానమని ప్రసిద్ధి కెక్కిన కొయ్యచట్రపుటిల్లు కలదు. కవి తండ్రియగు జాన్ చేతితొడుగులు చేయువాఁడు. అతఁ డీ వీథిలో నుండె ననుటకు 1552 నాఁటి న్యాయస్థానపు లేఖనమే తొలిసాక్ష్యము. వీథిలోఁ బెంట ప్రోగుచేసినందులకు అధికారు లాతనికి జుల్మానా విధించిరి. మహాకవి వంశచరిత్రకుఁ బెంటప్రోగు ఆధారమగుట వింతయే!

ఈ యింటి బలమంతయుఁ గొయ్యలో నున్నది. ఱాతి పునాదిమీఁద అడ్డకొయ్య పఱచి, దానిపై ఓకు స్తంభములు నిలిపి, దూలములతోఁ గూర్చి కొయ్యమేకులు దిగఁగొట్టిరి. నడుమనున్న గళ్లలోఁ దడికలు గట్టి మట్టి మెత్తిరి. ఈ గోడ బరువు మోయదు. మఱుఁగు మాత్ర మిచ్చును. మట్టి రాలినను ఇల్లు నిలుచును. నేలతడి తగిలి స్తంభముల మొదళ్లు క్రుళ్లెనా, అపుడే ముప్పు.

కాలక్రమమున నొకభాగము పూటకూళ్లయిల్లయ్యెను. మఱియొకచోట మాంసము విక్రయించిరి. 19వ శతాబ్ది మొదటఁ బూటకూళ్ల భాగమునకు ఇటుకముఖము గట్టిరి. 1847లో ఇల్లు వేలమునకు రాఁగా, అమెరికా వేడుకకాఁడు బార్నమ్ దానిని విప్పించి యోడ కెక్కించునను వదంతి పుట్టెను. మేకులతోఁ గూర్చిన యింటి కది యసాధ్యమును గాదు. జనులు చందాలు వేసికొని 3,000 పౌనులకుఁ గొని దానిని నిలిపికొనిరి.

1857లో అగ్నిభయముచే ఇరుప్రక్కల యిండ్లు పడఁగొట్టించిరి. వరుసలో నొకటియైన యిల్లు నాఁటినుండి యొంటరియైనది. ఇటుకముఖమును దొలఁగించి, 1864 నాఁటికి వెలుపలి రూపమును గ్రొత్తగాఁ గూర్చిరి. ఇందులకు మాతృక 1769లో రిచర్డు గ్రీను వ్రాసిన చిత్తరువు. పైకప్పు కిటికీలు, ముఖద్వారపుఁ బంచ దానిని బట్టియే వచ్చినవి. శిథిలమైన తాళపత్రమును అర్వాచీనమగు నొక ప్రతినిఁ జూచి పూరించు పండితుని పని యిట్టిదే. పూరణము తప్పు గాదు. పూరణమును మూలమని చదువుటయే తప్పు. ఆ చిత్తరువు కవి జననమునకు 205 ఏండ్ల తరువాతిది. 1769 నాఁటి యింటికే సాక్షి, 1564 నాఁటి దానికిఁ గాదు. కావున శోధకుఁడు వీథిముఖముకంటె లోపలి ప్రాఁత దూలములను జూడవలెను.

జననమును గూర్చియు నిట్టి వివేకమే కావలెను. 1564 ఏప్రిల్ 26న జ్ఞానస్నానము జరిగినట్లు దేవాలయపుఁ బట్టికలోఁ గలదు. మేడమీఁది యీ గదిలోనే పుట్టె ననుట జనశ్రుతి. ఆ జనశ్రుతిని నమ్మియే వాల్టరు స్కాటు మున్నగువారు ఆ గది కిటికీ యద్దముమీఁదఁ దమ పేళ్లు గీసిపోయిరి.